ఇరవై నిమిషాల చిరునామా

ఫిబ్రవరి 3

మామయ్యా,

నేను బాగానే ఉన్నాను. సొరంగం ఇంకో నలభై మీటర్లు లోపలికి పోయింది. అది పోయిన కొద్దీ నా గాలి మిషన్ల గొట్టాలూ వెనకే పోవాలి కదా, వారమంతా వాటిని అతికించడంతోనే సరిపోయింది. గదిలో నాతో ఉండే వంటక్క గురక ఆ మిషన్లను మించిపోతోంది. అదే మాట అంటే, నేను నిద్రలో లెక్కలు చదువుతున్నానని ఎదురు ఫిర్యాదు చేసింది.

అసలు పని చెబుతాను. మన బావుల పేజీ ఉన్న సర్వర్‌కు ఏడాది అద్దె కట్టాల్సిన రోజు వచ్చింది. ఈ నెల 20లోగా కట్టాలి. కట్టకపోతే ఆ రోజు పేజీ మూసేస్తారు. ఇంకో నెల చూసి మార్చి 20న అందులో ఉన్నదంతా చెరిపేస్తారు. మార్చి 24న విచారణ. మన ఊరి పక్క రాళ్ళ క్వారీకి ఇంకో వంద అడుగులు తవ్వుకునే అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది నీటి శాఖ అధికారి అప్పుడే తేలుస్తారు. అరవై మూడు బావుల్లో నీళ్ళు ఏ పక్షంలో ఎంత దిగాయో మీరు తాడు వేసి కొలిచి ఫోనులో ఎక్కించిన మూడేళ్ళ అంకెలు తప్ప మన చేతిలో ఏమీ లేదు. మీ నోటు పుస్తకాల సంగతి కిందటి విచారణలోనే అయిపోయింది. "ఒకే చేతిరాత, ఒకే సిరా, ఒక్క కొట్టివేత లేదు, ఇది ఒకే రోజు కూర్చుని రాసింది" అని క్వారీ లాయరు అంటే మనం నోరు మూసుకుని వచ్చాం. పేజీలో అయితే ఏ అంకె ఏ రోజు ఎక్కిందో సర్వరే రాసుకుంటుంది.

నేనే కట్టేదాన్ని. కానీ పేలుడు మందు ఉన్న చోటని ఇక్కడ ఫోను గేటు దాటనివ్వరు. అందుకే నా ఫోను మీ బల్ల సొరుగులో వదిలి వచ్చాను. ఆదివారం ఆఫీసు కంప్యూటరు ముందు పావుగంట కూర్చోనిస్తారు గానీ అందులో మెయిల్ తప్ప ఏదీ తెరుచుకోదు. మీరేమో మెయిల్ చూడరు, అందుకే ఈ ఉత్తరం.

ఈ కంపెనీ క్రిప్టో, అంటే ఇంటర్నెట్‌లోనే చెల్లే కాయిన్లు, తప్ప ఏమీ తీసుకోదు. చెక్కు, కార్డు ఏదీ పనికిరాదు. ఇలాంటివాళ్ళతో మనకెందుకు అంటారేమో. ఇంతకుముందు కంపెనీ క్వారీవాళ్ళు ఒక్క ఫిర్యాదు పెట్టగానే పేజీ తీసేసింది. వీళ్ళు అలా తీయరు. ఏడాదికి సరిపడా కాయిన్లు కొని నా ఫోనులోని వాలెట్‌లో ఉంచే వచ్చాను. వాలెట్ అంటే ఫోనులోనే ఉన్న డబ్బు సంచి అనుకోండి.

చేయాల్సింది ఇంతే. బిల్లు పేజీ తెరవండి. "చెల్లించు" నొక్కండి. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి చిరునామా ఒకటి వస్తుంది. దాన్ని నొక్కితే వాలెట్ తెరుచుకుని చిరునామా, మొత్తం అన్నీ అదే నింపుకుంటుంది. "పంపు" నొక్కండి. రెండు నిమిషాల పని. ఫోన్ల కొట్టు అతని చేతికి మాత్రం ఇవ్వకండి. క్వారీ ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసేది అతనే.

అత్తయ్య మోకాలు ఎలా ఉంది?

మీ
మిరియం


ఫిబ్రవరి 10

మిరియానికి మామయ్య రాస్తున్నది.

నీ ఉత్తరం ఏడో తేదీన అందింది. మోకాలు అలాగే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు నన్ను, దిగేటప్పుడు డాక్టరును తిడుతోంది.

రెండు నిమిషాల పని అన్నావు. రెండు రోజులు పట్టింది, పని కాలేదు. తప్పు నాది కాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదో తేదీ ఉదయం నువ్వు చెప్పినట్టే నొక్కాను. చిరునామా వచ్చింది. లెక్కపెడితే నలభై రెండు ఉన్నాయి. నలభై ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. హద్దుల్లో ఒక్క అంకె తప్పు పడితే ఒకడి పొలం ఇంకొకడికి పోతుంది. నకలు తీయకుండా, సరిచూడకుండా నేను దేని మీదా వేలు పెట్టను. కాబట్టి తెల్లకాగితం మీద నకలు రాశాను. తర్వాత మీ అత్తయ్య అసలు చూసి ఒక్కొక్కటే చదివింది, నేను నకలు మీద పెన్సిలుతో టిక్కు పెట్టాను. తర్వాత నేను నకలు చదివాను, ఆవిడ అసలు చూసింది. "నన్ను చేసుకునే ముందు కూడా ఇంత పరిశీలన చేయలేదు మీరు" అంది. అంతా సరిపోయాక ఫోను చూస్తే "గడువు ముగిసింది" అని ఉంది. మళ్ళీ నొక్కితే వేరే చిరునామా వచ్చింది.

ఉదయం ఒక చిరునామా, మధ్యాహ్నం ఇంకో చిరునామా చెప్పేవాడితో వ్యవహారం ఏమిటి? నా దగ్గరికి అలాంటివాడు వస్తే బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నలుగురిని విచారించి గానీ కలం పట్టేవాణ్ణి కాదు. నిన్ను ఎవరైనా మోసం చేస్తున్నారేమో చూసుకో. రెండు చిరునామాలూ కింద రాశాను. మొదటిది సరిచూసింది, రెండోది ఇంకా చూడలేదు. వీటిలో ఏది అసలో నువ్వు రాస్తే దానికి పంపుతాను. రసీదు ఎప్పుడు ఇస్తారో కూడా కనుక్కో.

టైలరు బావి ఈ పక్షంలో నాలుగు అడుగులు దిగింది. నా తాడు చాలడం లేదు, ఇంకో ముక్క ముడి వేశాను. తాడుకు సుద్ద రాసి దించితే తడిసిన గుర్తు దాదాపు తాడు చివరి గుండు దగ్గరే ఉంది. అతను పక్కనే నిలబడి చూశాడు.

మామయ్య


ఫిబ్రవరి 15

మామయ్యా,

మీ ఉత్తరం చదివి వంటక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎవరూ మోసం చేయడం లేదు. ఆ చిరునామా ఇరవై నిమిషాలే పనిచేస్తుంది. కాయిన్ ధర నిమిషానికోలా మారుతుంది కాబట్టి ఆ ధరను అంతసేపే పట్టి ఉంచుతారు. గడువు దాటితే అది పోయి కొత్తది వస్తుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్ని చిరునామాలు. ఇల్లు మారడం కాదది, రైలు టిక్కెట్టు లాంటిది. నిన్నటి టిక్కెట్టు ఎంత అసలుదైనా ఈరోజు ఎక్కనివ్వరు.

నాకు రాసి, నా జవాబు చూసి పంపుదామనుకుంటే ఈ జన్మకు కాదు. ఉత్తరం రావడానికి నాలుగు రోజులు, పోవడానికి నాలుగు రోజులు. ఇరవై నిమిషాల పనిని ఎనిమిది రోజుల మీద పెట్టకండి.

మీరు రాసిన రెండు చిరునామాల్లో దేనికీ పంపకండి. మళ్ళీ చెబుతున్నాను, దేనికీ వద్దు. కొత్తగా తెరిచి, కాగితం కలం పక్కన పెట్టి, నొక్కేయండి. 20వ తేదీ దగ్గరపడింది.

మిరియం


ఫిబ్రవరి 16

మిరియానికి,

నీ జవాబు ఇంకా రాలేదు. మీ దగ్గర నుంచి ఉత్తరాలు తెచ్చే సరుకుల లారీ ఆలస్యమై ఉంటుంది. గడువు నాలుగు రోజులే ఉంది కాబట్టి చేతులు కట్టుకుని కూర్చోవడం మంచిది కాదనిపించి నిన్న పని ముగించాను.

రెండు చిరునామాల్లో సరిచూసింది మొదటిదే కాబట్టి దానికే పంపాను. బిల్లు పేజీతో పనిపెట్టుకోకుండా నేరుగా వాలెట్ తెరిచి, నలభై రెండూ నా వేలితోనే కొట్టాను. మీ అత్తయ్య మూడుసార్లు సరిచూసింది. ఉదయం మొదలుపెడితే భోజనాల వేళకు అయింది. "పంపబడింది" అని వచ్చింది. నువ్వు రెండు నిమిషాలన్నది నాకు మూడు గంటలు పట్టింది గానీ తప్పు లేకుండా పట్టింది.

రసీదు ఇంకా రాలేదు. ముద్ర ఉన్న రసీదే అడుగు. డబ్బు చెల్లించి రసీదు లేకుండా లేచి వచ్చింది నా జీవితంలో ఇదే మొదటిసారి.

అత్తయ్య ఒక మాట రాయమంది. నీ ఫోనులో ఆవిడ ఫొటో పెద్దది చేసి పెట్టావట, తీసేయమంటోంది. తెరిచినప్పుడల్లా తన ముఖం తనకే ఎదురవుతోందట.

మామయ్య


ఫిబ్రవరి 22

మామయ్యా,

మీ 16వ తేదీ ఉత్తరం అందింది. దేనికీ పంపొద్దన్న నా ఉత్తరం మీరు పంపే ముందే అంది ఉంటే బాగుండేది. ఇప్పుడు అనుకుని లాభం లేదు.

మూసేసిన కిటికీలో డబ్బు పడేశారు మీరు. అవతల మనిషి లేడు. ఆ చిరునామా మీరు పంపే నాటికి వారం కిందటే చచ్చిపోయింది. కంపెనీ లెక్కలో మనం ఒక్క పైసా కట్టలేదు. పేజీ మొన్న 20న మూతపడింది. వాలెట్‌లో ఇక ఏమీ లేదు. కాయిన్లు మళ్ళీ కొనాలంటే నా జీతం వచ్చే నెల పదికి గానీ రాదు, వచ్చినా ఇక్కడ నుంచి కొనే దారి లేదు.

మొదటి ఉత్తరంలో ఏం రాశాను? చిరునామాను నొక్కితే వాలెట్ తెరుచుకుంటుంది, పంపు అని నొక్కండి, అంతే. అందులో కాగితం ఎక్కడుంది? పెన్సిలు ఎక్కడుంది? నలభై ఏళ్ళు కాగితాలు రాసి రాసి, కాగితం మీద ఉన్నదే నిజమనుకుంటున్నారు. ఆ కాగితాలే కదా కిందటి విచారణలో మనల్ని ముంచింది.

రేపు ఆదివారం. కంపెనీకి మెయిల్ రాసి బతిమాలతాను.

మిరియం


ఫిబ్రవరి 27

మిరియానికి,

ఉత్తరం అందింది. నువ్వన్నది నిజమే కావచ్చు.

ఫోను సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మీ అత్తయ్య దగ్గర ఉంది. ఈ పక్షం కొలతలు తీశాను. ఎక్కించడానికి పేజీ లేదు కాబట్టి ఊరికే ఉన్నాయి. టైలరు బావిలో గుండు అడుగున రాయికి తగిలింది, తాడు తడవలేదు.

మామయ్య

అమ్మాయీ, ఇది అత్తయ్య రాత. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆయన ఆ పాత నోటు పుస్తకాలు బయటకు తీసి పేజీలు తిరగేస్తున్నాడు. ఎక్కడైనా ఒక కొట్టివేత ఉందేమోనని వెతుకుతున్నాడట. ఒక్కటీ దొరకలేదు. నువ్వు తొందర మనిషివి, ఆయన నిదానం మనిషి, మధ్యలో చదివి చదివి నా కళ్ళు పోతున్నాయి. ఇద్దరూ కలిసి ఒక దారి చూడండి.


మార్చి 4

మామయ్యా,

కిందటి ఉత్తరంలో ఒక వాక్యం ఎక్కువ రాశాను. పంపే ముందు వంటక్కకు చదివి వినిపించాల్సింది. తర్వాత వినిపిస్తే రెండు రోజులు నా పళ్ళెంలో అడుగంటిందే వడ్డించింది.

ఇప్పుడు సంగతి వినండి. 23న కంపెనీకి రాస్తే నిమిషంలో జవాబు వచ్చింది. చదివితే ఎవరో మనిషి రాసినట్టు లేదు, మీ సమస్య మాకు ముఖ్యం అని ఉంది. మళ్ళీ రాశాను. ఏ చిరునామాకు పంపారో తెలపండి అన్నారు. పెట్టె కింద నుంచి మీ ఫిబ్రవరి 10 ఉత్తరం తీసి, అందులో మీరు రాసిన నలభై రెండూ చూసి కొట్టాను. మొన్న ఆదివారం జవాబు వచ్చింది. డబ్బు దొరికింది. తమ ఖర్చు పట్టుకుని మిగతాది వాలెట్‌కు తిప్పి పంపుతారట, పది రోజులు పట్టవచ్చట. ఏడాదికి చాలదు గానీ ఆరు నెలలకు వస్తుంది. మీరు ఆ చిరునామా ఉత్తరంలో రాయకపోయి ఉంటే ఆ డబ్బు పోయినట్టే. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

20లోగా కడితే చెరిపేయరు. ఇక మీ పద్ధతి, నా పద్ధతి రెండూ కలిపి ఒక దారి చెబుతాను. ఇక్కడ సైటు ఆఫీసులో పెద్ద మొత్తాలు పంపేవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. మొదటి నాలుగు, చివరి నాలుగు సరిచూడండి. అవి కలిస్తే మధ్యవి కలిసినట్టే. ఒక నిమిషం చాలు. అత్తయ్య చదువుతుంది, మీరు టిక్కు పెట్టండి, నొక్కేయండి.

అత్తయ్య దగ్గర తాళంచెవి తీసుకోండి.

మిరియం


మార్చి 9

మామయ్యా,

ఈరోజు మెయిల్ తెరిచాను. నిన్న ఒక్క రోజే ఐదుసార్లు "మీ చెల్లింపు గడువు ముగిసింది" అని వచ్చింది. ఐదుసార్లు తెరిచి ఐదుసార్లూ వదిలేశారా? డబ్బు ఇంకా తిరిగి రాకముందే ఎందుకు తెరుస్తున్నారు? ఆరో మెయిల్‌లో, ఇలా ఊరికే తెరుస్తూ ఉంటే అనుమానం కింద ఖాతా ఆపేస్తామని రాశారు.

నొక్కడానికి భయమైతే భయమని రాయండి. పోనీ ఫోన్ల కొట్టు అతనికే ఇచ్చి చేయించండి. ఇక అంతకన్నా దారి కనబడటం లేదు.

మిరియం


మార్చి 10

మిరియానికి,

నీ నాలుగో తేదీ ఉత్తరం అందింది. డబ్బు దొరికినందుకు సంతోషం.

మొదటి నాలుగు, చివరి నాలుగు సరిచూడమన్నావు. పట్టాదారు పేరూ, చివర సంతకమూ చూసి మధ్యలో హద్దులు చదవకుండా పొలం కొనుక్కోమన్నట్టుంది. మోసం చేసేవాడు ఎప్పుడూ మధ్యలోనే చేస్తాడు. అది నా వల్ల కాదు. ఇరవై నిమిషాల్లో కట్టాలన్నది కంపెనీ షరతు, పూర్తిగా సరిచూడాలన్నది నా షరతు. ఈ రెండింటికీ తగువు లేదని మీ అత్తయ్య తేల్చింది. మనం త్వరగా చదవడం నేర్చుకుంటే సరిపోతుంది అంది.

కాబట్టి మొన్నటి నుంచి అభ్యాసం చేస్తున్నాం. బిల్లు పేజీ తెరుస్తాం, చిరునామా రాగానే గోడ గడియారం చూసి మొదలుపెడతాం, కట్టకుండా వదిలేస్తాం. మొదటి రోజు ఐదుసార్లు చేశాం. మొదటిసారి ముప్పై ఒక్క నిమిషం పట్టింది. అత్తయ్య ఒక్కొక్క అక్షరం చదివి నా ముఖం చూస్తోంది, అక్కడే పోతోంది సమయమంతా. ముఖం చూడొద్దన్నాను. "చూడాలనేమీ లేదు, రాశారో లేదోనని" అంది. రెండోసారి ఇరవై ఆరు. తర్వాత నాలుగేసి అక్షరాలు ఒక గుక్కలో చదవడం మొదలుపెట్టింది, ఇంటి నంబరు చెప్పినట్టు. పంతొమ్మిదికి వచ్చింది. నిన్న పద్నాలుగు. ఒకసారి మధ్యలో పాలాయన వచ్చి తలుపు కొట్టాడు, ఇద్దరం పలకలేదు. ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందనుకుని గుమ్మంలో గిన్నె పెట్టి వెళ్ళిపోయాడు.

డబ్బు తిరిగి రాగానే కట్టేస్తాను.

మామయ్య


మార్చి 17

మిరియానికి,

నీ తొమ్మిదో తేదీ ఉత్తరం 13న అందింది. భయమైతే భయమని రాయమన్నావు. భయమే. నీకు లేకపోవడమే నాకు అర్థం కాదు. ఫోన్ల కొట్టు అతనికి ఇవ్వమన్న మాట నువ్వు కోపంలో రాశావనుకుని వదిలేశాను.

అభ్యాసం వల్ల చిక్కు వచ్చిన మాట నిజం. డబ్బు 13నే తిరిగి వచ్చింది. వెంటనే కడదామని బిల్లు పేజీ తెరిస్తే, ఎక్కువసార్లు తెరిచారు, మూడు రోజులు ఆగి రండి అని ఉంది. మూడు రోజులు అంటే 16. 20కి నాలుగు రోజులే మిగులుతాయి. కట్టనివాడి మీద విసుక్కునేవాళ్ళను చూశాను గానీ, కడతానని వచ్చినవాణ్ణి బయట నిలబెట్టే కంపెనీ ఇదేనేమో. ఆ మూడు రోజులూ నీ పాత ఉత్తరాల్లోని వాక్యాలు చదువుతూ అభ్యాసం చేశాం. అత్తయ్య ఆ ఫిబ్రవరి 22 ఉత్తరమే తీసుకుంది. వద్దన్నా వినలేదు.

నిన్న ఉదయం పదింటికి కూర్చున్నాం. తలుపు గడియ పెట్టాను. "చెల్లించు" నొక్కాను. ఆరు నెలల మొత్తం, కొత్త చిరునామా వచ్చాయి. అత్తయ్య చదివింది, నేను రాశాను. తిరిగి నేను చదివాను, ఆవిడ చూసింది. కలిసింది. నొక్కితే వాలెట్ తెరుచుకుంది. అందులో నిండిన చిరునామాను మళ్ళీ నా కాగితంతో సరిచూశాం, దానికి మూడు నిమిషాలు. గడియారం చూస్తే పదమూడు నిమిషాలు అయింది. ఇంకా ఏడు ఉన్నాయి.

అప్పుడు వేలు కదల్లేదు. రాతకోతలన్నీ అయ్యాక కూడా వేలిముద్ర వెయ్యడానికి చెయ్యి ముందుకు రాని రైతులను ఎంతమందినో విసుక్కున్నాను ఒకప్పుడు. అత్తయ్య గడియారం వంక చూసి "నాలుగు" అంది. నొక్కాను.

బిల్లు పేజీ "చెల్లించబడింది" అని మారింది. గంట తర్వాత బావుల పేజీ తెరుచుకుంది. మూడేళ్ళవీ ఉన్నాయి. ఆగిపోయిన రెండు పక్షాల కొలతలూ ఎక్కించాను. అవి ఆలస్యంగా ఎక్కినట్టే చూపిస్తోంది. చూపించనీ, నిజమే కదా.

నకలు కాగితం మీద తేదీ, సమయం వేసి ఇద్దరం సంతకాలు పెట్టాం. రసీదు ఇంకా రాలేదు. ఇది నీకు మూడోసారి రాయడం.

మామయ్య


మార్చి 25

మిరియానికి,

నిన్న విచారణ అయింది. అయింది అనడానికీ లేదు.

గదిలో ఫ్యాను పనిచేయడం లేదు. అధికారి వయసులో చిన్నది, ఓపికగల మనిషి. తన కంప్యూటర్లో పేజీ తనే తెరిచింది. టైలరు బావి అంకెలు మొదటి నుంచి చివరి వరకు వేలితో కిందికి జరుపుతూ చూసింది. చివరి గడి దగ్గర ఆగి, ఇక్కడ అంకె ఎందుకు లేదని అడిగింది. నీళ్ళు లేవు కాబట్టి అని చెప్పాను. టైలరు నా వెనక వరుసలో కూర్చుని ఉన్నాడు.

క్వారీ లాయరు లేచాడు. ఈసారి చేతిరాత జోలికి పోలేదు. ఈ పేజీ ఎవరిది అన్నాడు. కంపెనీ ఏ దేశంలో ఉందో తెలియదు, యజమాని పేరు లేదు, అద్దె ఎవరు కడుతున్నారో తెలియదు, నెల రోజులు మూతపడి విచారణకు వారం ముందు తెరుచుకుంది, ఆ నెలలో లోపల ఎవరు ఏం మార్చారో ఎవరు చెప్పగలరు అన్నాడు. అద్దె నేనే కట్టానని చెప్పాను. "రసీదు చూపించండి" అన్నాడు.

ఫోనులో "చెల్లించబడింది" అన్నది చూపించాను. అందులో నా పేరు లేదు. నీ పేరూ లేదు. అధికారి ఏప్రిల్ 7 వరకు గడువు ఇచ్చింది. కట్టింది మనమేనని రాతపూర్వకంగా చూపాలి. చూపకపోతే పేజీని పక్కన పెట్టి మిగతా కాగితాల మీద తీర్పు ఇస్తానంది. మిగతా కాగితాలన్నీ క్వారీవాళ్ళవే.

ఫిబ్రవరి పదో తేదీ నుంచి అడుగుతున్నాను నేను. ప్రతి ఉత్తరంలో నువ్వు ఆ ఒక్క వాక్యం దాటేసి మిగతా వాటికి జవాబు రాశావు. దస్తావేజు రాసేవాడి చాదస్తమనుకున్నావు. ఇప్పుడు చెప్పు.

మామయ్య


మార్చి 30

మామయ్యా,

అనుకున్నాను. చాదస్తమనే అనుకున్నాను. మీరు రాసింది నిజం.

మీ ఉత్తరం నిన్న అందింది. ఈరోజు ఆదివారం, నా పావుగంటలో కంపెనీకి రాయలేదు. వాళ్ళు ముద్ర వేసి రసీదు ఇవ్వరు, పేర్లే అడగని కంపెనీ కాబట్టే వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. కానీ ఇంకొకటి ఉంది. మీరు నొక్కిన రోజే నాకు మెయిల్ వచ్చి ఉంది, కిందటి ఆదివారం చూసి, కట్టారని తెలిసింది కదా అని వదిలేశాను. అందులో ఒక నంబరు ఉంది. ప్రతి చెల్లింపుకూ అలాంటిది ఒకటే ఉంటుంది. క్రిప్టోలో ఎవరు ఎవరికి పంపినా అందరూ చూడగలిగే ఒక పెద్ద చిట్టాలో పడుతుంది. ఈ నంబరు కొడితే ఆ చిట్టాలో మన చెల్లింపు వస్తుంది. ఏ తేదీ, ఏ నిమిషం, ఎంత, ఏ చిరునామాకు అన్నీ ఉంటాయి. పేర్లు ఉండవు. దాన్ని కంపెనీ గానీ, క్వారీ గానీ, నేను గానీ మార్చలేం.

చిరునామా ఉంటుంది అన్నాను కదా. అదే చిరునామా మార్చి 16 ఉదయం పది గంటల సమయం వేసి, ఇద్దరి సంతకాలతో మీ దగ్గర కాగితం మీద ఉంది. ఇరవై నిమిషాలే బతికే చిరునామా, ఆ ఇరవై నిమిషాల్లో ఫోను ముందు కూర్చున్నవాళ్ళకు తప్ప ఎవరికి తెలుస్తుంది? అధికారి ముందు మొదట మీ కాగితం పెట్టండి. తర్వాత ఈ నంబరు ఇచ్చి, ఆవిడ కంప్యూటర్లో ఆవిడనే కొట్టి చూసుకోమనండి. రెండూ కలుస్తాయి. వాలెట్ ఉన్న ఫోను కూడా పట్టుకెళ్ళండి, పంపిన గుర్తు అందులోనూ ఉంటుంది. ఆ కాగితం పారేయలేదు కదా? మీరు పారేయరు.

నంబరు అచ్చు తీద్దామంటే ఆఫీసు ప్రింటరు సొంత పనులకు వాడనివ్వరు. పావుగంటలో నేనే రాయాల్సి వచ్చింది. అక్షరాలూ అంకెలూ కలిపి అరవై నాలుగు. వంటక్కను ఆఫీసు లోపలికి రానివ్వనంటే, పొయ్యి మీద కూర మాడిపోతే పూచీ మీదేనని సూపర్‌వైజరును బెదిరించి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ముందు మొదటి నాలుగు, చివరి నాలుగు చూద్దామన్నాను. "మీ మామయ్యకు పంపేది, మొత్తం చూడు" అంది. ఆవిడ తెర మీద చదివింది, నేను రాశాను. తిరిగి నేను చదివాను, ఆవిడ చూసింది. ఒక చోట తప్పు పోయింది. శుభ్రంగా ఇంకోసారి రాద్దామంటే అప్పటికే ఆఫీసువాడు వెనక నిలబడి గడియారం చూస్తున్నాడు. అలాగే ఉంచేశాను. లాయరుకు కొట్టివేత కావాలి కదా, ఇస్తున్నాం.

నకలు ఈ ఉత్తరంతో జత చేశాను. దాని అడుగున మీరు రాసే మాటలే రాశాను, తప్పుంటే దిద్దుకోండి.

మిరియం

జత చేసిన కాగితం అడుగున:

పై అరవై నాలుగు అక్షరాలు అసలుతో సరిచూడడమైనది. చదివినది వంటక్క. రాసినది నేను. కొట్టివేత ఒకటి, నలభై ఒకటో అక్షరం దగ్గర. పక్కన సంతకం పెట్టాను.